అసిరమ్మ చుట్ట, యాభై ఎనిమిది నిమిషాలు

పనసకాయ చెట్టు మీంచి పడితే అది ప్రకృతి. మిల్లు జగ్గునాయుడి మీద పడితే మాత్రం అది కేసు. మెట్టపేటలో పసిపిల్లలకు కూడా తెలిసిన ఈ తేడా, అక్కడికి మూడు మైళ్ళ దూరాన ఈతమానువలసలో ఇళ్ళకి తాటాకు కప్పుకుని బతికే దాలినాయుడికి తెలియలేదు. తెలిసేసరికి సబ్ జైల్లో ఉన్నాడు.

జరిగింది ఇంతే. ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది. మిల్లు ఆగింది, మిల్లుతో పాటు జగ్గునాయుడి ఫ్యానూ ఆగింది. ఆయన మడతమంచం చంకన పెట్టుకుని పెరట్లో పనసచెట్టు కిందికి చేరి, కళ్ళు మూశాడు. మళ్ళీ తెరిచింది ఆసుపత్రిలో. భుజం ఎముక విరిగింది, తలకి ఏడు కుట్లు పడ్డాయి. మంచం పక్కనే మణుగు బరువున్న పనసకాయ దొరికింది.

"నన్నెవడో కొట్టినాడు," అన్నాడు జగ్గునాయుడు.

అంతటి మనిషిని చెట్టు కొట్టిందంటే నవ్వులపాటు. మనిషి కొట్టాడంటే, పోనీ శత్రువులున్నారన్న మర్యాదైనా దక్కుతుంది. ఎస్సై గారు కూడా ఆలోచించారు. చెట్టుని అరెస్టు చెయ్యడానికి సెక్షను లేదు. మనుషులకైతే బోలెడున్నాయి. పది రోజుల కిందట సంతలో దాలినాయుడు, "ఆ వసారా కప్పు మార్చుకో నాయుడుబావా, నేకపోతే ఏదో ఓ రోజు నీ నెత్తిమీద పడతాది," అన్న మాట నలుగురు విన్నారు. కప్పు పని చేసేవాడు కప్పు గురించే అన్నాడు. పోలీసు కాయితంలోకి ఎక్కేసరికి అది "నెత్తిమీద పడవేయుదునని ముందుగా బెదిరించియుండుట" అయింది.

నేరం రుజువైతే మూడేళ్ళు. దాలినాయుడు దాన్ని తన లెక్కలో చూసుకున్నాడు. మూడేళ్ళంటే మూడు వానాకాలాలు. ఊళ్ళో తను కప్పిన ముప్పై ఇళ్ళూ కారిపోతాయి. అందులో తన ఇల్లొకటి, దాని కింద పెళ్ళాం, ఇద్దరు ఆడపిల్లలు.

ప్లీడరు ముఖలింగం గారు జైలుకొచ్చి ధైర్యం చెప్పారు. "మన కేసు గట్టిదోయ్. కరెంటు పోయింది ఒంటిగంటా అయిదుకని సబ్‌స్టేషను పుస్తకంలో ఉంది. దెబ్బ తగిలింది ఒంటిగంటా పదికి. ఆ వేళకి నువ్వు అసిరమ్మ ఇంటి కప్పు మీదున్నావు. ముసలమ్మ కళ్ళారా చూసింది. ఇంకేం కావాలి?"

ఇంకా ఏం కావాలో మర్నాడు తెలిసింది.

డెబ్భై ఏళ్ళ అసిరమ్మ బోనెక్కింది. ముక్కుకి నత్తు, చేతులకి వెండి కడియాలు, నడుం దగ్గర చీరకొంగులో చుట్టల కట్ట. సర్కారు ప్లీడరు గారు లేచి గొంతు సవరించుకున్నారు.

"ముద్దాయి నీ ఇంటి కప్పు మీద ఎంతసేపున్నాడు?"

"బళ్ళో బువ్వగంట కొట్టినారు బావూ. అప్పుడే నాను సుట్ట ముట్టించినాను. ఆడు నిచ్చెనెక్కినాడు. నా సుట్ట అయిపోనాది, ఆడు దిగినాడు."

"బడిగంట పన్నెండున్నరకి. సరే. చుట్ట అయిపోవడానికి ఎన్ని నిమిషాలు?"

"సుట్టకి నిమిషాలేటి బావూ. సుట్టకి పొగుంటాది."

గుమస్తాలు నవ్వారు. మెజిస్ట్రేటు గారు నవ్వలేదు. ఆయన దక్షిణాది జిల్లాల నుంచి కొత్తగా వచ్చినవారు. మంచివారు, న్యాయం తప్పనివారు. ఒక్కటే బలహీనత, పైనుంచి వచ్చిన సర్క్యులర్లన్నీ చదివేవారు. అంతకు ముందు నెలలోనే ఒకటొచ్చింది. సాక్షులు "కాస్సేపు", "కూసింతసేపు", "రెప్పపాటు" అంటూ న్యాయస్థానాల కాలాన్ని వృథా చేస్తున్నారనీ, ఇకమీదట సాక్ష్యంలో వచ్చే ప్రతి కాలపరిమాణాన్నీ కొలతల శాఖవారు ధ్రువీకరించాలనీ దాని సారాంశం.

"చుట్ట అనునది ఏ పట్టికలోనూ లేదు," అన్నారు మెజిస్ట్రేటు గారు విచారంగా. "కొలతల శాఖకు పంపండి."

"దేన్ని పంపమంటారండి, సాక్షినా, చుట్టనా?" అని అడిగాడు బెంచి గుమస్తా.

"మొదట చుట్టని."

అలా దాలినాయుడి బతుకు అయిదంగుళాల పొగాకు చుట్టగా మారి, లక్క సీలు వేసిన కవర్లో కొలతల ఇనస్పెక్టరు సుదర్శనం గారి బల్లమీదికి చేరింది. ఆయన శేర్లనీ, గజాల బద్దల్నీ, కిరసనాయిలు కొలపాత్రల్నీ ఇరవయ్యేళ్ళు కొలిచి విసిగిపోయి ఉన్నారు. కాలాన్ని కొలిచే అవకాశం ఇన్నాళ్ళకొచ్చింది. వెంటనే "చుట్ట కాలపరిమాణ నిర్ధారణ సంఘం" ఏర్పడింది. తనొకడు, తాసిల్దారొకరు, సర్కారు డాక్టరొకరు. ముగ్గురూ ట్రావెలర్స్ బంగళాలో తలుపులు వేసుకుని పని పూర్తి చేశారు. నివేదిక మూడు వారాలకి కోర్టుకొచ్చింది.

"సదరు చుట్టను పోలిన మూడు చుట్టలను ముగ్గురు గెజిటెడ్ అధికారులు వేర్వేరు కుర్చీలలో కూర్చుండి, ఏకాగ్రతతో కాల్చడమైనది. ఒక చుట్ట పరిమాణము సరాసరి పద్నాలుగు నిమిషముల ఇరువది సెకనులుగా తేలినది. తాసిల్దారు గారు ఆరవ నిమిషమున కళ్ళు తిరిగి పడిపోయినందున, వారి మిగిలిన చుట్టను త్రైరాశికము ద్వారా కాల్చడమైనది."

సర్కారు ప్లీడరు గారు లెక్క విప్పారు. పన్నెండున్నరకి పద్నాలుగు కలిపితే పావుతక్కువ ఒంటిగంట. అప్పటికే ముద్దాయి కప్పు దిగాడు. ముద్దాయికి సైకిలుంది. మూడు మైళ్ళు సైకిలు మీద ఇరవై నిమిషాలు. చెట్టు దగ్గరికి చేరి, మంచి కాయ ఏరుకోవడానికి కూడా వ్యవధి ఉంది.

దాలినాయుడికి చెవుల్లో తేనెటీగలు లేచాయి. వాడు ముఖలింగం గారి కోటు కొస పట్టుకున్నాడు. "బావూ, మా అసిరమ్మపిన్ని సుట్ట ఆల్లలాగ కాల్సదు బావూ. అడ్డపొగ."

ముఖలింగం గారు నుదురు కొట్టుకున్నారు. ఇంట్లో తన అమ్మమ్మ కాల్చినదీ అదే. పుట్టినప్పటినుంచీ చూస్తున్నది కాబట్టే ఎన్నడూ గుర్తుకు రాలేదు. లేచి, "యువరానర్, సాక్షి చుట్టని తిప్పి కాలుస్తుంది. నిప్పున్న కొస నోట్లో ఉంటుంది," అన్నారు.

మెజిస్ట్రేటు గారు కలం కింద పెట్టారు. "నిప్పు నోట్లోనా?"

"చిత్తం."

"కాలదా?"

"ఈ వైపు ఆడవాళ్ళకి కాలదండి. అలాగే నాట్లు వేస్తారు, అలాగే పిల్లలకి నీళ్ళు పోస్తారు, అలాగే దెబ్బలాడతారు. మామూలు చుట్టకి నాలుగింతలు నిలుస్తుంది."

"ప్రకృతి విరుద్ధం," అన్నారు సర్కారు ప్లీడరు గారు. ఆయన తల్లిగారు ఇంటి అరుగు మీద ఆ క్షణంలో అదే పని చేస్తోంది గానీ, ఆవిడ రికార్డులో లేదు.

అసిరమ్మ కొంగులోంచి చుట్ట తీసింది. "ఇదేటి గొడవ, సూపించీమంటారేటి?" బెంచి గుమస్తా గోడమీద "పొగ త్రాగరాదు" అన్న బోర్డు చూపించాడు. కాబట్టి కోర్టే ఈతమానువలస వెళ్ళాలని ఉత్తర్వయింది.

ఉత్తర్వంటే మాటలా. నోరు అనబడే మూసియున్న ప్రదేశంలో నిప్పు ఉంచడం తమ నిబంధనలకు విరుద్ధమని అగ్నిమాపక శాఖవారు రాశారు. రెండు ఇసుక బకెట్లు, ఒక నీళ్ళ బండి దగ్గరుంటే తమకు అభ్యంతరం లేదన్నారు. తర్వాత సర్కారు ప్లీడరు గారు కొత్త సందేహం లేవదీశారు. చుట్ట ఎప్పుడూ ఒకేలా కాలుతుందా?

"ఎలా కాలతాది బావూ," అంది అసిరమ్మ. అబద్ధం ఆడడం ఆమెకి చేతకాదు. అదే ఆమెతో చిక్కు. "కోడల్తో దెబ్బలాడితే నెమ్మదిగా కాలతాది. నోరు కాళీ ఉండాల గదా పీల్సడానికి."

"ఆ రోజు దెబ్బలాడావా?"

"ఏ రోజు దెబ్బలాడనేదు?"

దాంతో ఆనాటి పరిస్థితులన్నీ యథాతథంగా మళ్ళీ కల్పించాలని తీర్మానం. ఆనాడు దాలినాయుడు కప్పు కప్పుతున్నాడు కాబట్టి, శుభ్రంగా కప్పి ఉన్న అసిరమ్మ ఇంటిని పోలీసులు విప్పేశారు. తాటాకులు కొత్తవి తెచ్చారు. కోడలు సూరీడమ్మకి సమన్లు వచ్చాయి. "తాము ఫలానా తేదీన మీ అత్తగారితో, నాటి కారణముపైననే, నాటి తీవ్రతకు తగ్గకుండా దెబ్బలాడవలెను. తప్పినచో చర్య తీసుకొనబడును."

ఆ రోజు ఈతమానువలసలో అన్నం వండినవాళ్ళు లేరు. వీధి నిండా జనం. వేపచెట్టు కింద బల్ల, బల్ల వెనక మెజిస్ట్రేటు గారు, పక్కన సుదర్శనం గారు రెండు చేతులకీ రెండు గడియారాలతో. నీళ్ళ బండి గొట్టం పట్టుకున్న మనిషి అసిరమ్మ నోటికి గురిపెట్టి నిలబడ్డాడు.

దాలినాయుడు సైకిలు మీద తప్ప మరెలా పారిపోగలడన్న సంగతి తేలనందున, వాడి నడుముకి తాడు కట్టి రెండో కొస కానిస్టేబులు గవరయ్య నడుముకి కట్టారు. ఇద్దరూ నిచ్చెన ఎక్కారు. బడిగంట కొట్టింది. అసిరమ్మ చుట్ట ముట్టించి, నాలుగు పీల్పులు పీల్చి, తిప్పి నోట్లో పెట్టుకుంది. మెజిస్ట్రేటు గారు అప్రయత్నంగా తన పెదాలు తడుముకున్నారు.

"దెబ్బలాట మొదలుపెట్టండి," అన్నాడు గుమస్తా.

సూరీడమ్మ అంతమంది అధికార్లని చూసి తల దించుకుంది. అసలీ కేసు మొదలైనప్పటినుంచీ అత్తాకోడళ్ళు ఒకే కంచంలో తింటున్నారు. "అత్తా, మరి, ఎండుచేపల కూరలో వంకాయెందుకేసినావని తమరు నన్ను అన్నారు," అంది మెల్లిగా.

"తీవ్రత సరిపోలేదు," అన్నారు సుదర్శనం గారు రాసుకుంటూ.

దాలినాయుడు కప్పు మీంచి చూస్తున్నాడు. ఈ ఇద్దరూ ఇవాళ సఖ్యంగా ఉంటే తనకి మూడేళ్ళు. "సూరీడప్పా," అని కేకేశాడు, "మీ అమ్మగారూరి వంకాయలు పుచ్చులని అంది గదేటి మొన్న పిన్ని."

దించుకున్న తల లేచింది.

"అన్నావా?" అంది సూరీడమ్మ.

"పుచ్చుల్ని పుచ్చులనక మరేటంటారే?" అంది అసిరమ్మ, చుట్ట కదలకుండా.

అక్కణ్ణించి అంతా సవ్యంగా జరిగింది. స్టెనో మొదట్లో అన్నీ రాసుకున్నాడు. తర్వాత కొన్ని రాసుకున్నాడు. చివరికి చెవులు మూసుకున్నాడు. పుచ్చువంకాయలు సూరీడమ్మ పుట్టింటికి, పుట్టిల్లు వాళ్ళ తాతకి, తాత ఎత్తుకుపోయిన మేకకి దారితీశాయి. అసిరమ్మ నోట్లో నిప్పు అలాగే ఉంది, మాట అంతకన్నా వేడిగా ఉంది.

ముప్పయ్యో నిమిషంలో గవరయ్య నిలబడ్డ వాసం విరిగింది. మనిషి ఇంట్లోకి జారిపోయి అంబలికుండకి మూరెడు ఎత్తున వేలాడాడు. తాడు రెండో కొసన ఉన్న దాలినాయుడు కప్పు నడినెత్తిన ఉన్న వెన్నుగడని కాళ్ళతో బిగించి తాడు పట్టుకున్నాడు. పోలీసు ముద్దాయిని పట్టుకోవడం లోకంలో మామూలే. ముద్దాయి పోలీసుని పట్టుకోవడం ఆ స్టేషను చరిత్రలో అదే మొదలు.

"ఒదిలీకురా బాబూ," అన్నాడు గవరయ్య కిందినుంచి.

"నానెక్కడికెల్తాను హెడ్డుగారూ. సుట్ట అవ్వాల గదా."

చుట్ట అయింది. సుదర్శనం గారు రెండు గడియారాలూ చూసి, నుంచుని ప్రకటించారు. "యాభై ఎనిమిది నిమిషాలు."

పన్నెండున్నరకి యాభై ఎనిమిది కలిపితే ఒంటిగంటా ఇరవై ఎనిమిది. పనసకాయ పడ్డ వేళకి దాలినాయుడు కప్పు మీదే. జనం ఈలలు వేశారు. దెబ్బలాట మాత్రం ఆగలేదు. అది మర్నాటి దాకా నడిచింది.

తీర్పు రోజు దాలినాయుడు తల దువ్వుకుని వచ్చాడు. పెళ్ళాం, పిల్లలు వరండాలో కూర్చున్నారు. అప్పుడు సుదర్శనం గారు లేచి ఒక చిన్న మనవి చేసుకున్నారు. ముద్ర వేయని ఏ కొలత సాధనమూ న్యాయస్థానంలో చెల్లదు. యాభై ఎనిమిది నిమిషాలని కొలిచిన సాధనం అసిరమ్మ. కాబట్టి ఆవిడకి ముద్ర పడాలి.

ముద్ర ఎక్కడ వెయ్యాలన్నదాని మీద అరగంట వాదన జరిగింది. నుదురన్నారు, భుజమన్నారు. "నన్ను ముట్టుకుంటే మూతి కాల్సీగల్ను," అంది సాధనం. చివరికి ఎడమచేతి కడియానికి సీసపు బిళ్ళ కొట్టారు. సుదర్శనం గారు షరతులు చదివారు. "ఈ సాధనమును ఏటేటా తనిఖీకి హాజరుపరచవలెను. పొగాకు రకము మార్చరాదు. కోడలిని మార్చరాదు. నిర్ణీత తీవ్రతకు మించి గాని తగ్గించి గాని దెబ్బలాడరాదు."

మెజిస్ట్రేటు గారు తీర్పు రాయడానికి కలం తీశారు. సరిగ్గా అప్పుడు సర్కారు ప్లీడరు గారు లేచారు. ఆయన ముఖం పెళ్ళికొడుకు ముఖంలా ఉంది.

"యువరానర్, అసిరమ్మ ఇప్పుడు ప్రభుత్వ ముద్ర గల కొలత సాధనం. సాధనానికి ప్రమాణం చేయించలేం. తక్కెడ వచ్చి బోనులో సాక్ష్యం చెప్పిందా ఎప్పుడైనా? కాబట్టి ఆవిడ సాక్ష్యం కొట్టివేయాలి. చుట్ట యాభై ఎనిమిది నిమిషాలని ఒప్పుకుంటాం. ఆ సమయంలో ముద్దాయి కప్పు మీదున్నాడని చెప్పిన మనిషి మాత్రం ఇక లేదు."

మెజిస్ట్రేటు గారు సర్క్యులరు తిరగేశారు. బోర్లా తిప్పారు. అన్యాయంగా ఉంది గానీ తప్పు కనపడలేదు. సాక్ష్యం కొట్టేశారు.

దాలినాయుడి కాళ్ళ కింద నిచ్చెన మెట్టు విరిగినట్టయింది. వరండాకేసి చూశాడు. చిన్నపిల్ల వాడికి చెయ్యూపింది.

"నాను సాదనాన్నేటిరా దాలిగా?" అంది అసిరమ్మ.

"అంటన్నారు పిన్నీ."

ముఖలింగం గారు ముక్కుపొడి డబ్బా తీశారు. ఓ పట్టు పీల్చి, చేతులు దులుపుకుని, నెమ్మదిగా లేచారు. ఆయన కోర్టు గోడ గడియారం కేసి చూస్తున్నారు.

"యువరానర్, ఆ గడియారానికి ముద్ర ఉందా?"

సుదర్శనం గారు కుర్చీ వేసుకుని ఎక్కి చూశారు. లేదు.

"సబ్‌స్టేషను గడియారానికి?"

లేదు.

"బడిలో గంట కొట్టేవాడి గడియారానికి? ఎస్సై గారి చేతి గడియారానికి? మరి పన్నెండున్నర ఎవరన్నారు? ఒంటిగంటా అయిదు ఎవరన్నారు? ఈ జిల్లాలో ముద్ర ఉన్న కాలసాధనం ఒక్కటే, అదిగో, ముక్కుకి నత్తు పెట్టుకుని కూర్చుంది. ఆ రోజు ఈవిడ మెట్టపేటలో లేదు. అంచేత మెట్టపేటలో ఆ రోజు చెల్లుబాటయ్యే కాలమే లేదు. కాలమే లేనిచోట నేరం ఎప్పుడు జరిగినట్టు?"

సర్కారు ప్లీడరు గారు నోరు తెరిచి, ఏ నిమిషంలో తెరిచారో చెప్పలేక మూసేశారు. జగ్గునాయుడు కట్టుతో లేచి, "మరి నా కుట్లో?" అన్నాడు. "కుట్లు ఉన్నాయి. వాటికి వేళ లేదు," అన్నారు మెజిస్ట్రేటు గారు. వస్తు సాక్ష్యం నంబరు ఒకటైన పనసకాయ రికార్డు గదిలో ఎప్పుడో ముగ్గింది, ఇప్పుడు గింజలు మాత్రమే ఉన్నాయి. వాటిని ఫిర్యాదికి ఇప్పించి, దాలినాయుణ్ణి నిర్దోషిగా విడుదల చెయ్యమన్నారు.

దాలినాయుడు బేడీల చేతులు ముందుకు చాపాడు. జైలరు తాళం తియ్యలేదు. ఆయన చేతిలో విడుదల పుస్తకం ఉంది, అందులో "విడుదల వేళ" అన్న గడి ఉంది.

"ఏం రాయమంటారు సార్? గోడ గడియారం చెల్లదని ఇప్పుడేగా అన్నారు."

మెజిస్ట్రేటు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఒక చుట్ట అనంతరం, అని రాయండి."

అసిరమ్మని వరండాలో కూర్చోబెట్టారు. చుట్ట ముట్టించింది. గుమస్తా బోర్డు చూపించబోతే సుదర్శనం గారు అడ్డుపడ్డారు. "ఇది ధూమపానం కాదు, కాలమాపనం." షరతుల ప్రకారం సూరీడమ్మ ఎదురుగా కూర్చుని వంకాయల సంగతి ఎత్తింది. దాలినాయుడు స్తంభానికి ఆనుకున్నాడు. మూడు నెలల జైలు వాడి బుగ్గల్ని లోపలికి లాగేసింది. రెండడుగుల దూరంలో చిన్నపిల్ల నాన్న చేతి గొలుసు కేసి చూస్తోంది. ముట్టుకోబోతే కానిస్టేబులు గవరయ్య వద్దనలేక మొహం తిప్పుకున్నాడు.

అసిరమ్మ ఆ పిల్లని చూసింది. దాలినాయుణ్ణి చూసింది. చుట్ట అంగుళమైనా కాలలేదు. నోట్లోంచి తీసి, నేలకి రాసి నిప్పార్పి, కొంగులో దోపుకుంది.

"అయిపోనాది. బేడీలిప్పండి."

జైలరు సుదర్శనం గారి కేసి చూశాడు. సుదర్శనం గారు తన రెండు చేతుల గడియారాల కేసి చూసుకున్నారు. రెండూ నాలుగు నిమిషాలంటున్నాయి. రెంటికీ ముద్ర లేదు. సీసపు బిళ్ళ ఉన్న చెయ్యి ఆయన కళ్ళముందు ఆడుతోంది. ఆయన చొక్కా చేతులు కిందికి లాక్కున్నారు.

తాళం తెరుచుకుంది. దాలినాయుడు పిల్లని భుజం మీదికెత్తుకుని, ఎవరైనా మరో సర్క్యులరు గుర్తుచేసుకునే లోపల మెట్లు దిగిపోయాడు.

సుదర్శనం గారు పుస్తకంలో "యాభై ఎనిమిది నిమిషములు" అని రాశారు, సంతకం పెట్టారు. సంతకం కింద వేళ వెయ్యబోయి, కలం ఆపి, కాస్త సిగ్గుపడుతూ అసిరమ్మకేసి తిరిగారు.

"ఇప్పుడు టైమెంతయిందమ్మా?"